కొంగుకి నాలుగు ముళ్ళు

అనగనగా... ఒసేయ్ గుండూ, ముందు ఊఁ కొట్టు. నువ్వు ఊఁ కొట్టకపోతే నేను టైప్ చెయ్యను. అమ్మమ్మ రూలే నా రూలు.

ఆఁ, వచ్చింది ఊఁ. ఒక్కటే వచ్చింది. పిసినారిదానా.

అమ్మమ్మకి గొంతు పోయి, ఉప్పునీళ్ళు పుక్కిలించి ముసుగేసి పడుకుందని చెప్పావు కదా. సరే, ఇవాళ అమ్మమ్మ కథ ఈ అక్క వేళ్ళలోంచి వస్తుంది. తప్పులొస్తే సర్దుకుని చదువుకో. పొద్దున్నుంచీ ల్యాబులో నిలబడి నిలబడి నాకు కాళ్ళు పీకుతున్నాయి, ఈ హాస్టల్ మంచం మీద వాలితే చాలు కళ్ళు మూతపడిపోతున్నాయి. అయినా చెప్తా. ఎందుకంటే నీ ఏడుపు మెసేజ్ చూశా. "అమ్మ బస్సులో వంటకి వెళ్ళిపోయింది, నాకు చెప్పనేలేదు, ఇంక రాదేమో, నా ఎర్ర రిబ్బను కూడా పోయింది" అంట. ఏడిశావ్ లే. ఒకేసారి ఎన్నిటికి ఏడుస్తావే? ముందు కథ విను. నీ ఏడుపు సంగతి చివర్లో చూద్దాం.

అనగనగా ఒక ఊళ్ళో అందరూ వంటవాళ్ళే. ఊరి పేరు గరిటెపాలెం. అక్కడ పిల్లలు పుడితే ఉగ్గు గిన్నె కంటే ముందు గరిటె పట్టుకుంటారు. పెద్దయ్యాక యాత్ర బస్సులెక్కి ఊళ్ళు తిరుగుతూ వండిపెడతారు, మన అమ్మలాగే.

ఆ ఊళ్ళో నూకాలు అని ఒకావిడ ఉంది. ఆవిడ ఎక్కిన బస్సు మామూలు బస్సు కాదు. కాశీ, రామేశ్వరం వెళ్ళదు. అవన్నీ చూసేసినవాళ్ళు, "ఇంకేమైనా వింతగా చూపించవయ్యా" అని డ్రైవర్ని విసిగించేవాళ్ళు ఎక్కే బస్సు. అది కొండలెక్కుతుంది, సముద్రాలు దాటుతుంది. ఎలా దాటుతుందని అడక్కు. అమ్మమ్మని నేనూ అడిగా, నెత్తి మీద ఒకటి ఇచ్చింది.

నూకాలు ప్రపంచం మొత్తం తిరిగింది. కానీ ఏం లాభం? అందరూ వింతలు చూస్తుంటే, ఆవిడ బస్సు వెనకాల కూర్చుని ఉల్లిపాయలు తరిగేది. ఏ దేశమైనా ఆవిడకి ఉల్లిపాయ ఘాటులోంచి మసకమసగ్గానే కనిపించేది. ఇంతలో కిటికీలోంచి కేక వచ్చేది, "నూకాలూ, కాఫీ!" అని. కాఫీ ఇచ్చి కూర్చోబోతే, "నూకాలూ, ఉప్మాలో జీడిపప్పేదీ?" అని. ఆవిడ కూర్చుని ఎన్నాళ్ళయిందో ఆవిడకే గుర్తులేదు.

గరిటెపాలెంలో ఒక పట్టింపు ఉంది. ఎవరూ గడప దాటేటప్పుడు "వెళ్తున్నా" అనకూడదు. "వెళ్ళొస్తా" అనాలి. నోరు జారి "వెళ్తున్నా" అన్నావో, చెయ్యి పట్టుకుని వెనక్కి లాక్కొచ్చి, కుర్చీలో కూలేసి, గ్లాసుడు నీళ్ళు తాగించి, మళ్ళీ మొదట్నుంచి బయల్దేరదీస్తారు. అందుకని "వెళ్ళొస్తా" అనే మాట ఆ ఊరివాళ్ళ నాలికకి అతుక్కుపోయింది.

నూకాలుకి ఒక కూతురు. పేరు బుల్లి. నీలాగే మొండి రకం.

బస్సు బయల్దేరేరోజు నూకాలు "వెళ్ళొస్తానే బుల్లీ" అంది.

బుల్లి అమ్మ కొంగు పట్టుకుని చివర్న ఒక ముడి వేసింది. "ఇది నేను వేశా. నేనే విప్పాలి. ఇంకెవరూ విప్పకూడదు" అంది.

"ఇంకెవరే విప్పేది, ఆ బస్సులో వాళ్ళకి వాళ్ళ టిఫిన్ డబ్బా మూతే విప్పుకోడం రాదు" అంది నూకాలు.

అలా బయల్దేరింది. ఊఁ కొట్టవే.

మొదట బస్సు ఒక దీవికి వెళ్ళింది. అక్కడ జనం మాటలు మాట్లాడరు. ఈ కొండ మీదినుంచి ఆ కొండ మీదకి ఈలలేసుకుంటారు. ఈలతోనే పిలుపులు, ఈలతోనే తిట్లు, ఈలతోనే పెళ్ళి కబుర్లు. బస్సులో వాళ్ళంతా ఫోన్లు పట్టుకుని వీడియోలు తియ్యడానికి కొండెక్కేశారు. నూకాలు కింద పొయ్యి దగ్గరే ఉండిపోయింది.

అప్పుడు ఒక అవ్వ కొండ దిగి వచ్చింది. నూకాల్ని చూసి ఒక ఈల వేసింది.

"పులిహోర" అని జవాబు చెప్పింది నూకాలు.

ఎలా అర్థమైందీ అంటావా? జీవితమంతా కుక్కరు విజిళ్ళు విన్న మనిషే! ఈల భాష ఆవిడకి కాక ఇంకెవరికి అర్థమవుతుంది?

ఇద్దరూ కబుర్లలో పడ్డారు. నూకాలు ఆకులో ఇంత పులిహోర పెట్టింది. అవ్వ తింది. చింతపండు పులుపుకి మూతి ముడుచుకుపోయింది. ఆ తర్వాత ఈల వెయ్యబోతే తుస్సుమంది! హహ. కొండ మీద మనవడు "అవ్వా, ఏమైంది?" అని ఈల. ఇక్కణ్ణుంచి తుస్సు. మళ్ళీ ఈల. మళ్ళీ తుస్సు. ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వారు.

ఇంతలో బస్సు హారన్ కొట్టింది. నూకాలు గిన్నెలు సర్దుకుంటూ అలవాటుగా అనేసింది, "వెళ్ళొస్తా అవ్వా."

అవ్వ నవ్వు ఆగిపోయింది. "వస్తావా? నిజంగా మళ్ళీ వస్తావా?" అని సన్నగా ఈల వేసింది. ఆ దీవికి ఎంతోమంది వచ్చారు, వెళ్ళారు. మళ్ళీ వస్తానని ఇంతవరకూ ఒక్కరూ అన్లేదు. అవ్వ కళ్ళు తుడుచుకుంది. అప్పుడు అవ్వే నూకాలు కొంగు పట్టుకుని, బుల్లి వేసిన ముడి పక్కన ఇంకో ముడి వేసింది.

ఆ తర్వాత బస్సు ఒక బీడుకి వెళ్ళింది. చెట్టు లేదు, చేమ లేదు. పగుళ్ళిచ్చిన నేల మీద రాళ్ళు. ఆ రాళ్ళు వాటంతటవే నడుస్తాయి. ఎవరైనా చూస్తుండగా నడవ్వు. చూపు తిప్పుకుంటే చాలు, కాస్త జరుగుతాయి. వెనకాల గీత ఒక్కటే మిగులుతుంది. బస్సులో వాళ్ళు ఆ గీతల పక్కన సెల్ఫీలు దిగుతూ తిరుగుతున్నారు.

నూకాలుకి ఇవేం తెలీవు. పొయ్యికి రాళ్ళు కావాలి కదా, మూడు రాళ్ళు దగ్గరకి లాగి మీద సాంబారు గిన్నె పెట్టింది. ములక్కాడలు తరిగి వెనక్కి తిరిగేసరికి గిన్నె లేదు. ఒక రాయి గిన్నెని వీపు మీద పెట్టుకుని షికారెళ్ళింది!

నూకాలు పరిగెత్తింది. గిన్నె దించింది. రాయిని తిట్టాలా, దణ్ణం పెట్టాలా? మనవాళ్ళకి ఇలాంటప్పుడు ఒకటే తెలుసు. గబగబా పోపులపెట్టెలోంచి పసుపు తీసి రాయికి పూసింది. పర్సులోంచి కుంకం తీసి బొట్టు పెట్టింది. "తప్పైపోయింది తల్లీ, నువ్వెవరో తెలీక పొయ్యికింద పెట్టా" అంది. రెండు ములక్కాడ ముక్కలు కూడా నైవేద్యం పెట్టింది.

రాయికి అంతవరకూ ఎవరూ బొట్టు పెట్టలేదు. దాని మీద కాళ్ళు పెట్టి ఫోటోలు దిగినవాళ్ళే అందరూ.

హారన్ మోగింది. నాలిక ఊరుకోదుగా. "వెళ్ళొస్తా తల్లీ" అనేసింది నూకాలు. బస్సెక్కబోతే కొంగు లాగినట్టైంది. చూస్తే రాయి కొంగు మీదనుంచి నడిచెళ్ళినట్టుంది, మూడో ముడి పడిపోయి ఉంది.

ఆ తర్వాత బస్సు ఉప్పు నేలకి వెళ్ళింది. ఎంత దూరం చూసినా తెల్లటి ఉప్పు. దాని మీద వేలి మందాన నీళ్ళు. ఆ నీళ్ళలో ఆకాశం మొత్తం పడిపోయి ఉంటుంది, గుండూ. పైన మబ్బులు, కింద మబ్బులు. మధ్యలో మనుషులు. బస్సులో వాళ్ళు ఎగిరి గంతులేస్తూ ఫోటోలు తీసుకుంటున్నారు.

నూకాలు మాత్రం వంగి చారులోకి ఉప్పు గీక్కుంటోంది. ఊరికే వస్తుంటే వదుల్తుందా!

అలా వంగినప్పుడు కింద ఒకావిడ కనిపించింది. జుట్టు రేగిపోయింది. కళ్ళకింద నల్లటి చారలు. ఎవరో పాపం, ఎన్నాళ్ళనుంచి నిద్రలేదో అనుకుంది నూకాలు. తర్వాత తెలిసింది, అది తనే.

బస్సులో అద్దం ముందు నిలబడే తీరికెక్కడిది? ఆవిడ తన మొహం చూసుకుని చాలా కాలమైంది.

"కాసేపు కూర్చోవే" అంది కింద నూకాలు.

"కూర్చుంటే లేవలేనే" అంది పైన నూకాలు.

హారన్. "సరే మరి, వెళ్ళొస్తా." అంతే. కింద నూకాలు తన కొంగుకి ముడి వేసుకుంది. ఆవిడ వేసుకుంటే పైనావిడ కొంగుకీ పడుతుంది కదా. నాలుగో ముడి.

ఉన్నావా? ఊఁ ఏదీ? ఆఁ సరే, ఇక్కణ్ణుంచి జాగ్రత్తగా విను.

యాత్ర అయిపోయింది. బస్సు ఇంటి ముఖం పట్టింది. నూకాలు బుల్లి వేసిన ముడిని గుప్పిట్లో పట్టుకుని, "వచ్చేస్తున్నానే" అనుకుంది. బస్సు కొంచెం కదిలి ఆగిపోయింది. చక్రాలు తిరుగుతున్నాయి, బస్సు మాత్రం ముందుకెళ్ళదు.

డ్రైవరు సన్నాసిరావు దిగి చుట్టూ తిరిగి చూశాడు. "ఓలమ్మా నూకాలమ్మో, నీ కొంగు సూసుకో!" అని అరిచాడు.

కొంగు కిటికీలోంచి బయటికెళ్ళి తాడులా బిగుసుకుని ఉంది. ఉప్పు నేల వైపు లాగుతోంది. వస్తానని మాటిచ్చిన చోటికల్లా వెళ్ళి ముడి విప్పించుకోకుండా ఇంటికెలా వెళ్తావు? ముడి వేసినవాళ్ళే విప్పాలి. అది బుల్లి పెట్టిన రూలే కదా.

నూకాలు దిగి ఈడ్చుకుంటూ వెనక్కి నడిచింది. "వచ్చానమ్మా, మాట నిలబెట్టుకున్నా" అంది. కింద నూకాలు సంతోషంగా ముడి విప్పింది. నూకాలు లేచి, "వెళ్ళొస్తా" అంది.

అంది! అంతే, మళ్ళీ ముడి!

నాలిక కరుచుకుంది. మళ్ళీ విప్పించుకుంది. ఈసారి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నడిచింది. పది అడుగులేసిందో లేదో వేళ్ళ సందుల్లోంచి "వెళ్ళొస్తా" అని జారింది. ముడి. మూడోసారి పళ్ళు బిగబట్టింది. పళ్ళ మధ్యలోంచే వచ్చింది. ముడి.

బస్సులోంచి కేకలు. "నూకాలూ, కాఫీ!"

అప్పుడు సన్నాసిరావు వచ్చాడు. "ఒక్క ముక్క అనేసెయ్ నూకాలమ్మా. 'వెళ్తున్నా' అని. ఇంక రాను అని. ముళ్ళన్నీ ఊడిపోతాయి, ఇంటికెల్లిపోదాం" అన్నాడు.

నూకాలు చాలా అలిసిపోయి ఉంది. అన్నిటికీ సరే అనేసేంత అలుపు. నోరు తెరిచింది. "వె..." అంది.

గుప్పిట్లో ఏదో కదిలింది. చూసుకుంటే బుల్లి వేసిన ముడి దానంతటదే వదులౌతోంది. ముళ్ళన్నీ ఒకే మాట మీద పడినవి. ఆ మాట పోతే అన్నీ పోతాయి. బుల్లిది కూడా.

నూకాలు గబుక్కున నోరు మూసుకుంది. వస్తానంటే ఇంటికెళ్ళడం కుదరదు. రానంటే ఇంట్లో బుల్లికీ రానన్నట్టే.

ఆ తర్వాత ఏం చేసిందో తెలుసా? ఏం చెయ్యలేదు. కూర్చుంది. అన్నేళ్ళలో మొదటిసారి, ఆ ఉప్పు నీళ్ళలోనే చతికిలబడి కూర్చుంది. చీర తడిసిపోయింది, తడవనీ అనుకుంది. బస్సులో వాళ్ళు అరిచారు, అరవనీ అనుకుంది.

"నా వల్ల కాదే తల్లీ" అంది కింద నూకాలుతో. "ఇంకోసారి ఇంత దూరం నేను రాలేను. ఓపిక లేదు. ఈసారి నువ్వే రా మా ఇంటికి. ఏదో ఉన్నంతలో ఇంత అన్నం వండి పెడతా."

తెలివితేటలతో అన్లేదు, గుండూ. పాపం అలిసిపోయి అంది. మనింటికి వచ్చి వెళ్ళేవాళ్ళు కూడా గుమ్మంలో నిలబడి అరగంట అదే అంటారు కదా, "ఈసారి మీరు రావాలి, మీరే రావాలి" అని. ఎవరూ ఎవరింటికీ వెళ్ళరనుకో, అది వేరే సంగతి.

"నన్నా? నన్ను రమ్మంటున్నావా?" అంది కింద నూకాలు.

"మరింకెవర్ని?"

"ఇక్కడికి ఎంతమందో వచ్చారే. నన్ను చూశారు. ఫోటో తీశారు. బాగుందన్నారు. మా ఇంటికి రా అని మాత్రం ఒక్కరూ పిలవలేదు."

అని ముడి విప్పేసింది. ఈసారి మళ్ళీ పడలేదు.

"ఎలా వస్తావు మరి?" అని అడిగింది నూకాలు.

"మీ ఇంట్లో నీళ్ళ బిందె లేదా ఏంటి?" అంది ఆవిడ.

అప్పుడు బస్సు కదిలింది. దార్లో బీడు వచ్చింది. నూకాలు దిగి బొట్టున్న రాయి పక్కన కూలబడి, "తల్లీ, నువ్వే ఓసారి రా" అంది. రాయి మాట్లాడదు కదా. కానీ అందరూ అటు తిరిగి ఇటు తిరిగేసరికి బొట్టు ఉన్న వైపు గరిటెపాలెం దిక్కుకి తిరిగి ఉంది. ముడి ఊడిపోయింది.

ఆ తర్వాత దీవి. "అవ్వా, నువ్వే రావే" అంది నూకాలు. "వస్తా కానీ పులిహోర పెడితే ఊరుకోను" అని ఈల వేసింది అవ్వ, ముడి విప్పుతూ.

ఇంక మిగిలింది ఒకటే ముడి.

ఇంటికొచ్చేసరికి బుల్లి గడప మీద అటు తిరిగి కూర్చుని ఉంది. "నేన్నీతో మాట్లాడను" అంది. అని చెప్పి మాట్లాడుతూనే ఉంది. "ఎంత ఆలస్యం చేశావే! ముడి చూడు ఎలా బిగుసుకుపోయిందో! దీన్ని ఎవరు లాగారు? ఎంతమంది లాగారు?" అంటూ గోళ్ళతో రాకపోతే పళ్ళతో విప్పింది.

ముడి ఊడేసరికి అమ్మ గోడకి ఆనుకుని కూర్చున్నదల్లా కూర్చున్నట్టే నిద్రపోయింది.

బుల్లి లోపలికెళ్ళింది. కాసేపటికి వచ్చి చెవి దగ్గర గట్టిగా అరిచింది, "నూకాలూ, కాఫీ!"

పాపం, అలవాటు చొప్పున నూకాలు ఉలిక్కిపడి లేచి, "ఆఁ ఆఁ, తెస్తున్నా" అని గరిటె కోసం వెతుక్కుంది. చూస్తే బుల్లి ఎదురుగా గ్లాసు పట్టుకుని నిలబడింది. కాఫీ ఆవిడకే. పొగలు కక్కుతోంది. చక్కెర ఎక్కువైంది, అయినా తాగేసింది.

ఆ తర్వాత నీళ్ళు తాగుదామని బిందెలోకి వంగితే కింద నూకాలు అప్పుడే వచ్చేసి ఉంది. మొహం కొంచెం తేటగా ఉంది. ఈవిడదీ అంతే. ఆ తర్వాత కొన్నాళ్ళకి సందు చివర సన్నగా ఈల వినిపించింది. అవ్వ వచ్చి, వంకాయ కూరతో రెండు వాయిల అన్నం తిని, ఊళ్ళో కుక్కర్లన్నిటితో కబుర్లాడి వెళ్ళింది.

రాయి సంగతా? అది ఇంకా దార్లోనే ఉంది. నెమ్మది రకం కదా. అందుకే నూకాలు రోజూ ఒక గుప్పెడు బియ్యం ఎక్కువ పోసేది. ఎప్పుడొస్తే అప్పుడు ఉండాలని.

మళ్ళీ బస్సు హారన్ కొట్టలేదా అంటావు. కొట్టింది. పని కదే, కొట్టకుండా ఉంటుందా? నూకాలు లేచింది. "వెళ్ళొస్తానే బుల్లీ" అంది. బుల్లి ముడి వేసింది. ఇప్పుడు నూకాలు ఎక్కడికెళ్ళినా, బయల్దేరేటప్పుడు అక్కడివాళ్ళతో "మీరే రండి మా ఇంటికి" అంటుంది. "వెళ్ళొస్తా" అనేది మాత్రం ఒక్క బుల్లితోనే. కొంగుకి ఒక్కటే ముడి. అదే లాక్కొస్తుంది.

ఇప్పుడు నీ ఏడుపు దగ్గరికి వద్దాం.

అమ్మ బస్సు ఆ రోజు మా కాలేజీ ముందు నుంచే వెళ్ళింది. నేను గేటు దగ్గర నిలబడ్డా. అమ్మ కిటికీలోంచి సగం బయటికొచ్చి, చేతిలో ఉల్లిపాయ ఊపుతూ రోడ్డంతా వినపడేలా అరిచింది. "గుండుకి చెప్పవే, వెళ్ళొస్తానని! నోరు తెరుచుకుని నిద్రపోతోంది, లేపబుద్ధి కాలేదు!" మా ఫ్రెండ్సంతా గుండు ఎవరని నవ్వారు. నీ బదులు నేను ఊఁ కొట్టా.

ఇంకోటి. అమ్మ కొంగు కిటికీలోంచి ఎగురుతుంటే చూశా. చివర్న ఎర్రగా ఏదో కట్టి ఉంది. గట్టి ముడి. నీకు ముడి వెయ్యడం రాదని అమ్మే వేసుకుందేమో, నీ రిబ్బనుతో.

కాబట్టి ఆ రిబ్బను వెతకడం ఆపు. అది వస్తోంది. విప్పాల్సింది నువ్వే, పళ్ళు బాగా తోముకుని ఉండు.

ఊఁ?

గుండూ?

ఊఁ లేదు. పడుకుందన్నమాట. హమ్మయ్య. మిగతాది పొద్దున్న చదువుకో.

కథేమో కంచికి వెళ్ళొస్తుంది,
అమ్మేమో ఇంటికి వచ్చేస్తుంది,
రాయేమో మెల్లగా నడిచొస్తుంది,
అక్కకీ ఇప్పుడే నిద్దరొస్తుంది.